ఘాట్ ఎక్కేటప్పుడు ఆగుతోందా, దిగేటప్పుడు ఆగుతోందా? పాత బండి కార్బరేటర్ మీరే చూసుకునే పద్ధతి

బండి ఆగిపోతోంది అనగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మీద పడకండి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి. అది ఎప్పుడు ఆగుతోంది? పొద్దున్నే కిక్కుకి స్టార్టయి చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ వాటా పెంచే మీట) తీయగానే ఆఫ్ అవుతోందా, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగుతోందా, నాలుగైదు కిలోమీటర్లు శుభ్రంగా పోయి దగ్గి దగ్గి ఆగి, పది నిమిషాలు పక్కన పెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోందా, లేక ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే గుంజలేక చతికిలబడుతోందా? ఈ నాలుగింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనీ వేరు. మెకానిక్ దగ్గరికి పోయి "అన్నా, బండి ఆగిపోతా ఉంది" అని మాత్రమే చెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు, కార్బరేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగి, ఎయిర్ స్క్రూ కాస్త అటూ ఇటూ తిప్పి ఇచ్చేస్తాడు. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

నేను చెప్పేది ముఖ్యంగా ఏపీ 03 నంబర్‌తో తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్న పాత 100 సీసీ బండ్ల గురించి. సీడీ 100, స్ప్లెండర్, ప్యాషన్ లాంటివి. ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లకూ చాలావరకు ఇదే పద్ధతి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చాక అమ్మిన బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే కాబట్టి వాటికి ఇది పనికిరాదు.

ముందు ఘాట్ రోడ్డు లెక్క అర్థం చేసుకోండి

కార్బరేటర్ లోపల పెట్రోల్ వెళ్లే దారి ఒకటి కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడూ, కొద్దిగా తిప్పినప్పుడూ స్లో జెట్ పనిచేస్తుంది. జెట్ అంటే సన్నటి కన్నం ఉన్న ఇత్తడి ముక్క. కొందరు పైలట్ జెట్ అంటారు, రెండూ ఒకటే. సగం వరకు తిప్పినప్పుడు, యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేచే స్లైడ్‌కి వేలాడే సూది, అంటే నీడిల్, ఎంత పైకి లేస్తే అంత పెట్రోల్ వస్తుంది. ముప్పావు వంతు దాటి పూర్తిగా తిప్పినప్పుడు పని అంతా మెయిన్ జెట్‌దే.

ఇప్పుడు దీన్ని తిరుమల రోడ్డుకి అన్వయించి చూడండి. అలిపిరి దాటి 1974లో వేసిన రెండో ఘాట్ మీదుగా పైకి ఎక్కుతారు, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగుతారు. ఎక్కేటప్పుడు వెనక మనిషిని కూర్చోబెట్టుకుని రెండో గేరులో, మూడో గేరులో యాక్సిలరేటర్ బాగా తిప్పి పోతుంటారు కాబట్టి మెయిన్ జెట్, ట్యాంకు నుంచి పెట్రోల్ వచ్చే దారి, ఎయిర్ ఫిల్టర్ పరీక్షకు వస్తాయి. దిగేటప్పుడు 36 హెయిర్‌పిన్ మలుపుల్లో యాక్సిలరేటర్ మూసే ఉంటుంది, అప్పుడు పరీక్ష అంతా స్లో జెట్‌కీ ఐడ్లింగ్‌కీ, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ తిరగడానికీ. అందుకే ఎక్కుతూ ఆగే బండికి ఐడిల్ స్క్రూ (ఐడ్లింగ్ వేగం పెంచే, తగ్గించే స్క్రూ) తిప్పినా లాభం లేదు, మలుపులో దిగుతూ ఆగే బండికి మెయిన్ జెట్ మార్చినా డబ్బు దండగే. చిత్తూరు నుంచి పలమనేరు పోయేటప్పుడు మొగిలి ఘాట్‌లో, తిరుపతి నుంచి పీలేరు వైపు పోయేటప్పుడు భాకరాపేట ఘాట్‌లో కూడా ఇదే లెక్క. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే బండ్లకైతే ఎత్తులో తేడా మరీ త్వరగా తెలుస్తుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. పెట్రోల్ మిగులుతుందని ఇంజన్ ఆఫ్ చేసి న్యూట్రల్‌లో ఘాట్ దిగేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజన్ బ్రేకింగ్ ఉండదు, బరువంతా బ్రేకు షూల మీదే పడుతుంది, అవి వేడెక్కితే పట్టు పోతుంది. దిగేటప్పుడు బండి దానంతట అదే ఆగిపోతుంటే, ఆ లోపం సరిచేసేదాకా దాన్ని కొండకు తీసుకెళ్లకండి.

విప్పకముందే చూడాల్సినవి

మొదట స్పార్క్. ఆగిపోయే బండ్లలో చాలావాటికి కార్బరేటర్ మీద నింద పడుతుంది గానీ అసలు దొంగ ప్లగ్గో, ప్లగ్గు క్యాపో, కాయిలో, ఇగ్నిషన్ స్విచ్ లోపల వదులైన వైరో అయి ఉంటుంది. బండి ఆగిన వెంటనే, చల్లారకముందే చూడాలి, చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. కాయిల్ వేడెక్కితేనే ఫెయిలయ్యే రకం ఒకటి ఉంది, అది సరిగ్గా పెట్రోల్ అందక ఆగినట్టే నాటకమాడుతుంది. ఒక స్పేర్ ప్లగ్గు దగ్గర పెట్టుకోండి. ఆగగానే క్యాపు లాగి స్పేర్ ప్లగ్గుకి తొడిగి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఫిన్నుకి గట్టిగా ఆనించి కిక్కు కొట్టండి. నీలం రంగులో టక్ టక్‌మని బలంగా రావాలి. ఎర్రగా, సన్నగా వస్తున్నా, వచ్చి రాకుండా ఉన్నా కార్బరేటర్ జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజన్‌కి ఉన్న ప్లగ్గును దాని చోటే ఉంచండి. విప్పితే ఆ కన్నంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికొస్తుంది, పక్కనే నిప్పురవ్వ.

రెండోది, ఎవరూ పట్టించుకోనిది, ట్యాంకు మూత. మూతలో గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ముతోనో తుప్పుతోనో అది మూసుకుపోతే, పెట్రోల్ కిందికి దిగేకొద్దీ ట్యాంకులో గాలి తగ్గి పెట్రోల్ రావడం ఆగిపోతుంది. బండి నాలుగైదు కిలోమీటర్లు బాగా పోయి ఆగడం, కాసేపాగితే మళ్లీ నడవడం దీని గుర్తు. ఆగిన వెంటనే మూత తీయండి. స్‌స్‌మని గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి, తర్వాత ఒకటి రెండు కిక్కులకే బండి అందుకుంటే జబ్బు దొరికినట్టే. మూత కడిగి, ఆ రంధ్రంలోంచి గాలి ఊదితే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. చాలామంది ఈ చిన్న రంధ్రం సంగతి తెలియక కార్బరేటర్ మొత్తం మార్పించుకుంటారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

మూడోది పెట్రోల్ ధార. కాక్ (ట్యాంకు కింద పెట్రోల్‌ని తెరిచి మూసే ట్యాప్) మూసి, కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి, ఆ కొసను ఒక గాజు సీసాలో పెట్టి కాక్ తెరవండి. ధార ఆగకుండా, ఒకే తీరుగా రావాలి. మొదట బాగా వచ్చి తర్వాత చుక్కలకు దిగితే ట్యాంకు మూత సంగతి మళ్లీ చూడండి. మొదటి నుంచే చుక్కలు చుక్కలుగా వస్తే కాక్ పైన ట్యాంకు లోపల ఉండే జల్లెడ మూసుకుపోయింది, లేదా మధ్యలో పెట్టిన ప్లాస్టిక్ ఫిల్టర్ నిండిపోయింది. బయట కొని తగిలించిన ఫిల్టర్లతో ఇంకో చిక్కుంది. పైపు పొడవు ఎక్కువై మధ్యలో పైకి వంపు తిరిగితే అక్కడ గాలి బుడగ నిలుస్తుంది. పైపు ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా కిందికే దిగుతూ పోవాలి. కొన్ని స్కూటర్లలో ఇంజన్ తిరిగితేనే తెరుచుకునే వ్యాక్యూమ్ కాక్ ఉంటుంది, వాటికి ఊరికే పైపు ఊడదీస్తే ధార రాదు, అది లోపం కాదు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో చిన్న సంగతి. కాక్ ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ పొడుగు గొట్టం లోంచి వస్తుంది, రిజర్వులో పొట్టి గొట్టం లోంచి. ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉండి రోడ్డు పైకి లేచి ఉంటే కొన్ని బండ్లలో పెట్రోల్ పక్కకు జరిగి గొట్టానికి అందకపోవచ్చు. లోపల పెట్రోల్ గలగలమంటూనే ఉంటుంది, బండి మాత్రం ఆగిపోతుంది. రిజర్వుకి తిప్పి చూడండి.

నాలుగోది చోక్ పరీక్ష. ఏ పరికరమూ అక్కర్లేదు. బండి దగ్గుతున్నప్పుడు, నడుస్తుండగానే, వెనకాల వచ్చే బండ్లు లేని చోట, చోక్ కొద్దిగా లాగండి. బండి కోలుకుని గుంజితే పెట్రోల్ తక్కువ పడుతోంది, అంటే జెట్ మూసుకుపోవడమో, ధార తగ్గడమో, ఎక్కడో గాలి చొరబడటమో. ఇంకా ఎక్కువ దగ్గి ఆగిపోతే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ (కార్బరేటర్ కప్పులో పెట్రోల్ మీద తేలే బుడ్డి), అది పైకి లేచినప్పుడు పెట్రోల్ దారి మూసే నీడిల్ వాల్వ్ చూడాలి. ప్లగ్గు విప్పి చూసినా సాక్ష్యం దొరుకుతుంది. మొన లేత ఇటుక రంగులో ఉంటే మంచిది, నల్లగా పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే తక్కువ. తడిగా, నూనె జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకొస్తోంది, ఆ పని కార్బరేటర్‌తో తేలదు.

ఎయిర్ ఫిల్టర్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోమ్‌ది అయితే కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. పేపర్‌ది అయితే కడగకండి, మార్చండి. ఫిల్టర్ తీసేసి నడిపితే బండి గుంజుతుందనేది తప్పు, దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

ఫ్లోట్ కప్పు ఖాళీ చేసి చూడండి

కార్బరేటర్ అడుగున కప్పు ఉంటుంది, దానికి కింద ఒక డ్రెయిన్ స్క్రూ. కాక్ మూసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, దాని కింద తెల్లటి గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. ఆ పెట్రోల్‌ని వెలుతురులో పెట్టి ఒక్క నిమిషం కదిలించకుండా చూడండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నిమిషం ఇదే. సీసా అడుగున పాదరసంలా గుండ్రంగా జారే బొట్లు కనిపిస్తే అది నీళ్లు. సీసా వంచితే పెట్రోల్ ఒక తీరుగా పోతుంది, ఆ బొట్టు విడిగా, బద్ధకంగా జరుగుతుంది. గోధుమ రంగు నలుసులు కిందికి దిగితే ట్యాంకు తుప్పు. నల్లటి మెత్తటి పీలికలు ఉంటే పైపు లోపలి రబ్బరు ఊడుతోంది.

ఇప్పుడు బంకుల్లో మనకు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ మితిమీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి విడిపోతాయి, ఫ్లోట్ కప్పులోకి ముందు చేరేది ఆ అడుగుదే. దానికితోడు పాత ట్యాంకుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మురికిని అది కరిగించి కిందికి తెస్తుంది, పాత రబ్బరు పైపుల్నీ ఓరింగుల్నీ (గాలి, పెట్రోల్ కారకుండా వేసే గుండ్రటి రబ్బరు రింగులు) ఉబ్బిస్తుంది, గట్టిపరుస్తుంది. కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు పెట్రోల్ పైపూ, కార్బరేటర్ ఓరింగులూ ఒకసారి మార్చేయడం మంచిది. పెద్ద ఖర్చేమీ కాదు. ఊరికి వెళ్తూ నెలా రెండు నెలలు బండి పక్కన పెట్టేవాళ్లు కాక్ మూసి, ఫ్లోట్ కప్పు ఖాళీ చేసి పోవాలి. పెట్రోల్ ఆవిరైపోయి మిగిలే జిగురు మొదట మూసేది స్లో జెట్టునే, ఎందుకంటే అందులో కన్నం అన్నిటికంటే సన్నం.

నీళ్లు దొరికితే కప్పు ఒక్కటి ఖాళీ చేసి ఊరుకోకండి. ట్యాంకు కూడా దించి పూర్తిగా ఖాళీ చేయాలి, లేకపోతే వారంలో మళ్లీ అదే పరిస్థితి.

కార్బరేటర్ విప్పి కడగడం

ఇంతవరకు చేశాక, స్పార్క్ బాగుంది, ధార బాగుంది, అయినా ఐడ్లింగ్ నిలవట్లేదు అంటే అప్పుడు విప్పండి. ఆరుబయట చేయండి. వంటింటి పక్కన, దీపం వెలిగే చోట, ఎవరైనా బీడీ తాగుతున్న చోట వద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, స్ప్రే జెట్ లోంచి ఎదురు తిరిగి నేరుగా కంట్లో పడుతుంది.

విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయండి, ఏ పైపు ఎక్కడిదో తర్వాత గొడవ ఉండదు. కప్పు స్క్రూలు మెత్తటివి, సరిగ్గా కూర్చునే స్టార్ స్క్రూడ్రైవర్‌తో, నొక్కి పట్టి తిప్పండి. తల చెడితే తర్వాత నానా తిప్పలు.

పక్కన కనిపించే గాలి స్క్రూ (ఎయిర్ స్క్రూ) విప్పకముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆనాక బిగించకండి, మొన చెడిపోతుంది. తర్వాతే పూర్తిగా బయటికి తీయండి.

కప్పు తీశాక ఫ్లోట్ పిన్ను మెల్లగా నెట్టి ఫ్లోట్, దాని కింద నీడిల్ వాల్వ్ బయటికి తీయండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ కదిలిన శబ్దం వస్తే పగిలింది, మార్చాల్సిందే. నీడిల్ వాల్వ్ మొన మీద గుండ్రంగా గీత పడి ఉంటే అది సరిగ్గా మూయదు, పెట్రోల్ పొంగి కింది పైపులోంచి కారుతుంది, బండి నల్లపొగతో ఆగుతుంది. ఆగిన బండి కింద పెట్రోల్ మరక కనిపించేవాళ్లు ముందు ఇదే చూడండి.

ఇక జెట్లు. స్లో జెట్ సన్నగా, పొడవుగా ఉంటుంది, మెయిన్ జెట్ మధ్యలో. సరిపోయే బల్లపరుపు స్క్రూడ్రైవర్‌తో తీసి, ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి లోపలికి చూడండి. కన్నం గుండ్రంగా, అంచులు పదునుగా, వెలుగు శుభ్రంగా కనిపించాలి. చంద్రుడు కోసుకుపోయినట్టో, మబ్బు పట్టినట్టో ఉంటే మురికి ఉంది. చాలామంది ఇక్కడ గుండుసూది, జీఐ వైరు తీసుకుని పొడిచేస్తారు. అది చేయొద్దు. జెట్ ఇత్తడిది, కన్నం మిల్లీమీటరులో చిన్న వంతు, పొడిస్తే పెద్దదవుతుంది, అంచు చెదురుతుంది, ఇక ఆ బండి మైలేజీ ఎన్నటికీ సరిగ్గా రాదు. కార్బరేటర్ క్లీనర్ స్ప్రేలో కాసేపు నానబెట్టి, తర్వాత పంక్చర్ షాపు కంప్రెషర్ గాలి కొట్టించండి. అప్పటికీ వదలకపోతే కరెంటు వైరు లోపలి ఒక్క రాగి పోగు తీసుకుని మెత్తగా దూర్చండి, రాగి ఇత్తడి కంటే మెత్తన కాబట్టి గీరుకోదు. ఇంకా రాకపోతే అదే నంబరు కొత్త జెట్ కొనండి. జెట్ మీద నంబరు చెక్కి ఉంటుంది, షాపులో ఆ నంబరు చెప్పి అదే అడగండి, "పెద్దది వేస్తే పికప్ వస్తుంది" అనే మాటకు లొంగొద్దు.

గాలి కొట్టేముందు ఫ్లోట్, ఓరింగులు, రబ్బరు ముక్కలు అన్నీ తీసేసి ఉండాలి. స్కూటర్లలో, కొన్ని 150 సీసీ బండ్లలో పైన డయాఫ్రమ్ అని పలుచటి రబ్బరు ఉంటుంది, దానికి ఏ స్ప్రేలూ తగలకూడదు, వెలుతురుకు పట్టి చూసి చిల్లు ఉంటే మార్చాలి. డయాఫ్రమ్ చిల్లు పడితే బండి ఐడ్లింగ్‌లో బాగుండి, తిప్పితే గుంజదు.

జెట్లు తీసినంత మాత్రాన అయిపోలేదు, కార్బరేటర్ ఒంట్లోని దారులూ శుభ్రం కావాలి. స్లో జెట్ కూర్చునే రంధ్రంలోకి స్ప్రే కొడితే ఇంజన్ వైపు గొంతులో చిన్న రంధ్రం లోంచి బయటికి రావాలి. గాలి స్క్రూ రంధ్రం లోంచీ రావాలి. ఎక్కడా రాకపోతే ఆ దారిలో మురికి ఇంకా ఉంది. ఫ్లోట్ కప్పుకి గాలి పోయే సన్నటి పైపు ఒకటి ఉంటుంది, దాన్నీ ఊది చూడండి, అది మూసుకుపోయినా బండి ఆగుతుంది.

బిగించేటప్పుడు స్లైడ్‌కి ఉన్న కోత ఎయిర్ ఫిల్టర్ వైపు రావాలి, పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. తప్పుగా పెడితే యాక్సిలరేటర్ మూసుకోదు, స్టార్ట్ చేయగానే ఇంజన్ గొంతు చించుకుంటుంది. స్లైడ్ సూదికి ఉన్న క్లిప్పు ఏ గాడిలో ఉందో అదే గాడిలో పెట్టండి. ఓరింగు కొత్తది వేయండి.

గాలి చొరబడుతోందేమో చూడండి

కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న మేనిఫోల్డు దగ్గర చీలిక వస్తే లెక్క లేని గాలి లోపలికి పోతుంది. ఐడ్లింగ్ ఒకసారి పైకి లేచి నిలిచిపోవడం, ఒకసారి ఆగిపోవడం దీని గుర్తు. ఐడ్లింగ్‌లో ఉంచి ఆ జాయింట్ చుట్టూ సబ్బు నీళ్లు చిలకరించండి. ఒక చోట తగలగానే ఇంజన్ చప్పుడు మారితే అక్కడే లీకు. ఈ పరీక్షకు పెట్రోల్ వాడేవాళ్లను చూశాను, వేడి సైలెన్సర్ అంగుళాల దూరంలో ఉంటుంది, నిప్పంటుకుంటే చేతులు కాల్చుకుంటారు. సబ్బు నీళ్లు చాలు. నట్లు మరీ గట్టిగా బిగించి కార్బరేటర్ చెవుల్ని వంచేసిన బండ్లు కూడా ఉంటాయి, అలా వంగితే కొత్త ఓరింగు వేసినా గాలి ఆగదు, ముఖం గాజు మీద ఎమరీ పేపర్ పరిచి సమం చేయించాలి.

ట్యూనింగ్

చల్లటి ఇంజన్ మీద ట్యూనింగ్ చేయకండి. పది నిమిషాలు తిప్పి తెచ్చి, చోక్ పూర్తిగా తీసి, సెంటర్ స్టాండు వేయండి. గాలి స్క్రూని ముందు మీరు రాసుకున్న చుట్ల దగ్గర పెట్టండి. పాత లెక్క మీద నమ్మకం లేకపోతే ఆనిన చోట నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి తిప్పి మొదలుపెట్టండి. ఐడిల్ స్క్రూతో ఇంజన్‌ని మామూలు కంటే కాస్త ఎక్కువ తిరగనివ్వండి. ఇప్పుడు గాలి స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి చప్పుడు వినండి. ఇంజన్ ఎక్కడ ఎక్కువ వేగంగా, తడబడకుండా తిరిగితే అక్కడ ఆపండి. తర్వాత ఐడిల్ స్క్రూ తగ్గించండి. స్ప్లెండర్ లాంటి బండ్లకు ఐడ్లింగ్ 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సరి. మీటరు లేకపోతే చెవే కొలత, ఒక్కో పేలుడు విడిగా లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఉంటే బాగా తక్కువన్నమాట, అలా పెట్టుకుంటే తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ప్రతిసారీ కిక్కు కొట్టుకోవాల్సిందే.

స్క్రూ ఎటు తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది అనేది అన్ని కార్బరేటర్లకూ ఒకటి కాదు, చాలామంది తికమకపడేది ఇక్కడే. స్క్రూ స్లైడ్‌కి ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని కొలిచేది, లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ వాటా పెరుగుతుంది. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది మిశ్రమాన్నే కొలిచేది, బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్ చప్పుడులో మార్పే రాకపోతే స్లో జెట్ దారి ఇంకా శుభ్రం కాలేదని అర్థం, మళ్లీ విప్పాలి.

ఇన్ని చేసినా వేడెక్కాక ఐడ్లింగ్ నిలవకపోతే, పాత ఇంజన్లలో వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు) బిగుసుకుపోయి ఉండొచ్చు. దాన్ని చల్లటి ఇంజన్ మీద, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకు), ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెకే పెట్టించండి. స్లైడ్ అరిగి గొంతులో గలగలాడుతుంటే మాత్రం ఎంత కడిగినా లాభం లేదు, కార్బరేటర్ మార్చడమే.

ఎండాకాలం సంగతి, కార్ల సంగతి

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటే ఎండలో పాత కార్బరేటర్ కార్లు ఆగడానికి ఇంకో కారణం ఉంది. ఇంజన్ వేడికి పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది, పంపు ఆవిరిని లాగలేదు. దీన్ని వేపర్ లాక్ అంటారు. పాత మారుతీ 800 ఉన్నవాళ్లు బోనెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపాగితే కారు స్టార్టవుతుంది. పైపు ఇంజన్ బ్లాకుకి ఆనకుండా కట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఐడ్లింగ్ ఒక్కటే నిలవని కార్లలో కార్బరేటర్‌కి ఉండే సోలినాయిడ్ (కరెంటుతో పెట్రోల్ దారి తెరిచే చిన్న వాల్వ్) కూడా చూడండి. తాళం ఆన్ చేయగానే టిక్‌మని శబ్దం రావాలి. రాకపోతే దాని వైరు ఊడిందో, సోలినాయిడే పోయిందో, ఆ కారుకి జెట్లు కడిగి ఉపయోగం లేదు.

ఘాట్‌లో ఆగిపోతే

మలుపులో ఆపకండి, దొర్లించుకుని అయినా ఎడమ పక్కకు, వెనక వచ్చే డ్రైవర్‌కి దూరం నుంచే కనిపించే చోటుకు తీసుకోండి. వెంట ఉన్నవాళ్లను దింపి గోడ పక్కన నిలబెట్టండి. కాక్ రిజర్వుకి తిప్పండి, ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టండి, ప్లగ్గు క్యాపు నొక్కి చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే ఇంజన్‌లోకి పెట్రోల్ మరీ ఎక్కువ పోయింది, కాక్ మూసి, చోక్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి, అందుకోగానే యాక్సిలరేటర్ వదిలి కాక్ తెరవండి. కొండ పైకి పోయేకొద్దీ, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు కాబట్టి, గాలి కాస్త పలుచబడి మిశ్రమంలో పెట్రోల్ వాటా కొంచెం పెరుగుతుంది. బాగున్న బండికి అది తెలియనే తెలియదు, కానీ ఫిల్టర్ నిండిపోయిన బండికి అదే చివరి దెబ్బ అవుతుంది.

సరిచేసిన బండిని వెంటనే ఇంటిల్లిపాదితో కొండకు తీసుకెళ్లకండి. ముందు ఒక్కరే చంద్రగిరి వైపు పోయి రండి. దారిలో ఒకసారి పూర్తిగా తిప్పి నడపండి, ఒకసారి యాక్సిలరేటర్ మూసి దొర్లనివ్వండి, రెండు మూడు చోట్ల ఆపి ఐడ్లింగ్ వినండి. ఇంటికొచ్చాక ప్లగ్గు రంగు చూడండి. వారం తర్వాత ఫ్లోట్ కప్పు మళ్లీ ఒకసారి గాజు సీసాలోకి వంచండి. నలుసులు ఇంకా దిగుతుంటే ట్యాంకు దించి తుప్పు కడిగించాలి, అప్పటిదాకా కాక్ రిజర్వుకి తిప్పకుండా, ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి.